పదకొండో నంబరు యూనిట్

“ముందు దాన్ని భోజనాల బల్ల మీంచి తియ్యండ్రా,” అన్నారు తండ్రి. “ముద్ద దిగట్లేదు నాకు.”

ఎవరూ తియ్యలేదు.

బల్ల మధ్యలో, నీళ్ల జగ్గుకీ ఉప్పు డబ్బాకీ నడుమ, ఆటగాళ్లు తొడుక్కునే నల్లటి బిగుతు బనియన్ పరిచి ఉంది. దాని వీపు మీద చిన్న జేబు. ఆ జేబులోంచి తీసి పక్కన పెట్టిన అగ్గిపెట్టెంత యూనిట్. దాని మీద తెల్ల రంగుతో పదకొండు అంకె.

పెద్దకొడుకు నిన్న సాయంత్రం క్లబ్బు నుంచి తెచ్చి అక్కడ పెట్టాడు. అప్పటినుంచీ ఇంట్లోవాళ్లు కంచాలు పెట్టినా, గ్లాసులు తీసినా దాన్ని తాకకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

“నేనడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు,” అన్నాడతను తమ్ముడితో. “బుధవారం ప్రాక్టీసు. ఇరవై మూడో నిమిషం. ఎక్కడున్నావు?”

“గ్రౌండ్‌లో.”

“గ్రౌండ్‌లో ఏం చేస్తున్నావు?”

“గ్రౌండ్‌లో ఏం చేస్తారన్నయ్యా, వ్యవసాయమా?”

వంటగది గుమ్మంలో నిలబడిన వదిన పెదవి కదిలింది కానీ, అది నవ్వు దాకా రాలేదు.

“గీత పక్కన నిలబడి నీళ్లు తాగుతున్నావు,” అన్నాడు అన్న. “వీడియోలో చూశాను. అదే నిమిషంలో నీ యూనిట్ అవతలి గోలు దాకా పరిగెత్తి వెనక్కొచ్చింది. బొమ్మలో నిలబడి ఉన్నావు, అంకెల్లో పరిగెడుతున్నావు. రెండిట్లో ఏది నువ్వు?”

తమ్ముడు చేతిలో చెంచాని బల్ల మీద నిలబెట్టాలని చూస్తున్నాడు. అది పడిపోతోంది. మళ్లీ నిలబెడుతున్నాడు.

ఈ ఇంట్లో అన్న గొంతు పెంచడం ఎవరూ ఎరగరు. ఇప్పుడూ పెంచలేదు. ఫుట్‌బాల్ క్లబ్బులో అతని ఉద్యోగం గొంతుతో పనిలేనిది. ఆటగాళ్ల వీపు మీది యూనిట్లు పంపే అంకెలు తీసుకుని, ఎవడు ఎంత పరిగెత్తాడు, ఎక్కడ నెమ్మదించాడు, ఏ కాలి మీద ఎంత బరువు వేశాడు అని ప్రతి వారం నివేదిక రాసి సంతకం పెడతాడు. ఆటగాళ్లు అతన్ని లెక్కలాయన అంటారు. అదే జట్టులో అంచున పరిగెత్తే తమ్ముణ్ణి జనం గాలిపటం అంటారు. ఇంట్లో మాత్రం వాడు చిన్నోడే.

తమ్ముడు జట్టులో చేరిన రోజునే అన్న ఒక నియమం పెట్టుకున్నాడు. వాడి వీడియో తను చూడడు. చూస్తే మనసు ఎటో ఒకవైపు ఒరుగుతుంది. అంకెలకి చుట్టరికం ఉండదు కాబట్టి అంకెలు మాత్రమే చూస్తాడు. వీడియో చూసే పని చిన్న కోచ్‌ది. నాలుగేళ్లుగా అలాగే జరిగింది. మొన్న చిన్న కోచ్ పంటినొప్పితో సెలవు పెట్టాడు. తమ్ముణ్ణి చూడటానికి శనివారం వచ్చే పెద్ద క్లబ్బువాళ్లకి వీడియో పంపాల్సి ఉంది. తప్పక తనే కూర్చున్నాడు.

నాలుగేళ్లలో మొదటిసారి తమ్ముడి ఆట చూశాడు. చూస్తే వాడు నిలబడి నీళ్లు తాగుతున్నాడు.

“చెప్పేయ్ చిన్నోడా,” అంది వదిన మెల్లగా. “ఇంకా ఏం మిగిలిందని.”

“కుడి మోకాలు,” అన్నాడు తమ్ముడు. చెంచా వదిలేశాడు. “మూడు వారాలైంది. లోపల ఏదో చిరిగిందన్నాడు డాక్టరు. క్లబ్బు డాక్టరు కాదు, బయటాయన. ఆరు వారాలు కాలు కింద పెట్టకపోతే దానంతటదే అతుక్కుంటుందట. పెద్ద క్లబ్బు వాళ్లొచ్చేది ఈలోపే. నేనేం చెయ్యను?”

“నీ యూనిట్ ఎవడు తొడుక్కున్నాడు?”

“బెంచీవాడు. వాడిది నేను తొడుక్కున్నాను.”

బెంచీవాడంటే రిజర్వులో కూర్చునే ఆటగాడు. ప్రతి మ్యాచ్‌కీ బట్టలు మార్చుకుని కూర్చుంటాడు, మళ్లీ బట్టలు మార్చుకుని వెళ్లిపోతాడు. వాడి అంకెలు ఎవరూ అడగరు.

అన్నకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. కిందటి వారం నివేదికలో బెంచీవాడి పేరుకెదురుగా ‘పరుగులో బాగా వెనకబడ్డాడు’ అని రాసింది తనే. సంతకం పెట్టిందీ తనే. మూడు వారాలుగా జట్టులో అందరికంటే బాగా పరిగెత్తినవాడు వాడు. ఆ పరుగంతా ఇంకొకడి పేరు మీద ఉంది.

“నేను నీ వీడియో చూడనని నీకెలా తెలుసు?”

తమ్ముడు వదిలేసిన చెంచాని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఆ సంగతి పెద్ద కోచ్‌కీ, చిన్న కోచ్‌కీ, నాకూ తెలుసు. నీకు నేను చెప్పలేదు. నీకు తెలియకపోతే ఈ పని చేసే ధైర్యం నీకొచ్చేది కాదు. ఎవరు చెప్పారు?”

తండ్రి మంచినీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించారు.

“నేనే చెప్పాను,” అంది వదిన.

ఆవిడ చేతికంటిన పిండిని కొంగుకి తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్లీ తుడుచుకుంది.

“నువ్వా?”

“మీరే ఒకసారి మాటల్లో అన్నారు. వాడు ఏడుస్తూ అడిగితే చెప్పాను.”

“మంచు గడ్డలు?” అన్నాడతను. ఫ్రిజ్‌లో మూడు వారాలుగా ట్రేలు ఎందుకు ఖాళీ అవుతున్నాయో, అడిగితే ఆవిడ ఎండలన్నదీ ఇప్పుడు అర్థమవుతోంది.

“అవి వాడి మోకాలికే.”

“ఎండలన్నావు.”

“ఎండలు కూడా ఉన్నాయి.”

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. పదకొండేళ్ల కాపురంలో ఆవిడ తనతో ఎన్ని అబద్ధాలాడిందో లెక్క వేయబోయి, ఒక్కటి కూడా దొరక్క, ఆ లెక్క దగ్గరే ఆగిపోయాడు. అందుకే కాబోలు ఇది ఇంత లోతుగా దిగింది.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీరు రాసేస్తారు.”

“రాయక?”

“అదే అంటున్నాను.” ఆవిడ గొంతు గట్టిపడింది. “పాత కెప్టెన్ మీకు ప్రాణ స్నేహితుడు. మన పెళ్లిలో మీ పక్కన నిలబడ్డవాడు. వయసు మీదపడి నెమ్మదించాడని రాశారు. నెలలో పంపించేశారు. ఆ రోజు మీరు ఇంటికొచ్చి మామూలుగా భోజనం చేశారు. మజ్జిగ పల్చగా ఉందన్నారు కూడా. అప్పటినుంచీ వాళ్లావిడ నన్ను బజార్లో చూస్తే దారి మార్చుకుంటుంది. నేను ఆ మాట మీతో ఎప్పుడైనా అన్నానా?”

“అది నిజం కాబట్టి రాశాను.”

“అబద్ధం రాశారని నేనన్నానా?”

పక్క వాటాలో ఎవరో కుక్కర్ దించిన చప్పుడైంది.

“నేను ఈ ఇంటికొచ్చేసరికి వాడు తొమ్మిదేళ్లవాడు,” అంది ఆవిడ మళ్లీ. “తల్లి లేని పిల్లాడు. నేను కొత్త కోడల్ని. వాడికి బూట్ల లేసులు కట్టడం నేర్పింది నేను. ఆ కాళ్లకి ఆట పోతుందంటే నిజం అబద్ధం అని చూడలేకపోయాను. దేవుడి ముందు నిలబడినప్పుడల్లా ఆ మాటే చెప్పుకుంటున్నాను. ఆయన మీకు చెప్పలేదు కదా.”

“వదినా, ఊరుకో,” అన్నాడు తమ్ముడు.

అన్న తండ్రి వైపు తిరిగాడు. “విన్నారా నాన్నా? ఈ ఇంట్లో మీకూ నాకూ తప్ప అందరికీ తెలుసు.”

తండ్రి కంచంలో అన్నం కెలికారు. ముప్ఫై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసిన మనిషి. గేటు దగ్గర బస్సు మలుపు తిరుగుతుంటేనే ఏ చక్రంలో లోపముందో చెవితో చెప్పేవారు.

“నాన్నా?”

“మెట్ల మీద చప్పుడు మారిందిరా,” అన్నారాయన, కంచం అంచు చూస్తూ. “మూడు వారాల కింద. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా. తర్వాత వాడు మేడ మీద పడుకోవడం మానేసి ఈ హాల్లో చాప వేసుకున్నాడు. ఉక్కగా ఉందన్నాడు. నీకు వినపడలేదా?”

వినపడలేదు. పగలంతా ఇరవై ఇద్దరి అడుగులు లెక్కపెట్టి వచ్చే మనిషికి, ఇంట్లో నడిచే ముగ్గురి అడుగులు వినపడలేదు.

మనుషులు అబద్ధాలకోరు దగ్గర జాగ్రత్తగా ఉంటారు, అది సహజం. నిజం తప్ప మాట్లాడని వాడి దగ్గర అంతకంటే జాగ్రత్తగా ఎందుకుంటారో అతనికి తోచలేదు. తను ప్రేమగా లేడా? ఉన్నాడు. ఉన్నట్టు వాళ్లకి తెలియదా? దానికి మాత్రం అంకె లేదు.

“నాలుగింటికి నివేదిక పెద్ద కోచ్ బల్ల మీద ఉండాలి,” అన్నాడతను లేస్తూ. “నేను సంతకం పెడితే పెద్ద క్లబ్బు నిన్ను తీసుకుంటుంది. ఆ కాలుతోనే ఆడిస్తుంది. పెట్టకపోతే వాళ్లతో కుదరబోయే నీ మూడేళ్ల ఒప్పందం పోతుంది. ఈ రెండిట్లో ఒకటి చెయ్యమని నన్ను కూర్చోబెట్టారు, నాకు తెలియకుండానే.”

“అన్నయ్యా, వాళ్లు తీసుకున్నాక విశ్రాంతి ఇస్తారు. పెద్ద కోచ్...”

వాడు టక్కున ఆగిపోయాడు.

“పెద్ద కోచ్ ఏం?”

“ఏం లేదు.”

అతను బనియన్ మడతపెట్టాడు. యూనిట్‌ని తీసి, భార్య ముందుకి వెళ్లి, ఆవిడ అరచేతిలో పెట్టాడు.

“సాయంత్రం దాకా ఇది నీ దగ్గరే ఉండనీ. ఎవరికీ ఇవ్వొద్దు. నేనడిగినప్పుడు నాకే ఇవ్వు.” ఒక క్షణం ఆగాడు. “ఈ ఒక్కటీ నా కోసం చెయ్యి.”

ఆవిడ వేళ్లు ముడుచుకుంది.

* * *

దారంతా అతన్ని ఒకటే ప్రశ్న తొలిచింది. తను తమ్ముడి వీడియో చూడలేదు, సరే. మరి మూడు వారాలుగా చూసిన మనిషి?

చిన్న కోచ్ సామాన్ల గదిలో ఉన్నాడు. వాషింగ్ మెషీన్లోంచి పసుపు జాకెట్లు తీసి తీగ మీద ఆరేస్తున్నాడు. కుడి దవడ ఇంకా వాచి ఉంది.

“లెక్కలాయనా, రా రా. పన్ను పీకేశారు. సగం నోటితోనే బతుకుతున్నాను.”

“మిగతా సగంతో నిజం చెప్పు. మా తమ్ముడు పరిగెత్తట్లేదని నీకెప్పుడు తెలిసింది?”

జాకెట్ తీగ మీంచి జారి కింద పడింది. చిన్న కోచ్ దాన్ని తీసి దులిపాడు.

“మొదటి రోజే,” అన్నాడు.

“నాకు చెప్పలేదు.”

“నీకు చెప్పొద్దన్నారు.”

“ఎవరు?”

“నన్నెందుకు అడుగుతావు? ఈ భవనంలో నాకు చెప్పొద్దని చెప్పగలిగేవాడు ఒక్కడే కదా.” వాచిన దవడ పట్టుకున్నాడు. “చూడు, నాలుగు రోజులు నిద్ర పట్టలేదు నాకు. పంటినొప్పి మొన్నటిది కాదు, ఏడాది నుంచీ ఉంది. మొన్నే సెలవెందుకు పెట్టాననుకున్నావు?”

అతను చిన్న కోచ్ ముఖంలోకి చూశాడు.

“నువ్వు చూస్తావని పెట్టాను,” అన్నాడు చిన్న కోచ్. “నోటితో చెప్పే ధైర్యం లేక.”

* * *

పెద్ద కోచ్ గది కిటికీ మైదానంలోకి ఉంటుంది. గోడ మీద పాత జట్ల ఫొటోలు, బల్ల మీద తెల్ల బోర్డు, దాని మీద నీలం రంగు అయస్కాంతపు బిళ్లలు. అతను ఆటని చూడటం నేర్చుకున్నది ఈ గదిలోనే. బంతిని చూడకు, బంతి లేనివాణ్ణి చూడు అని పెద్ద కోచ్ చెప్పిన రోజు అతనికి ఇరవై నాలుగేళ్లు. తండ్రి తర్వాత అతను చేతులు కట్టుకుని నిలబడేది ఈయన ముందే.

“కూర్చో,” అన్నాడు పెద్ద కోచ్. “ముఖం చూస్తేనే తెలుస్తోంది. చూసేశావు.”

“మీకు తెలుసు.”

“ఊఁ.”

“బెంచీవాడికి ఏం చెప్పారు?”

“మీ తమ్ముడు వెళ్లాక ఆ చోటు నీదే అన్నాను.”

“వాడు వెనకబడ్డాడని నాతో రాయించారు.”

“నేను రాయించలేదు. నువ్వు రాశావు. అంకెలు చూసి రాశావు.” పెద్ద కోచ్ ఒక నీలం బిళ్లని బోర్డు అంచుకి జరిపాడు. “బాబూ, వచ్చేవాళ్లు నా మాట నమ్మరు. ఏ కోచ్ మాటా నమ్మరు. ఆటగాణ్ణి అమ్మేవాడు పొగడక తిడతాడా? నీ కాగితం నమ్ముతారు. సొంత తమ్ముడికి కూడా ఒక్క అంకె కలపని మనిషి అని నీ గురించి నాలుగు క్లబ్బుల్లో చెప్పుకుంటారు. అది ఊరికే వచ్చే పేరు కాదు.”

“అందుకని నా పేరుని వాడుకున్నారు.”

“విలువ లేనిదాన్ని ఎవరైనా వాడుకుంటారా? నీకు ముందే చెబితే నీ చెయ్యి వణికేది. వణక్కూడదనే చెప్పలేదు.”

ఆ మాటలో ఆప్యాయత కూడా ఉంది. అదే అతనికి భరించరానిదైంది.

“వాళ్ల డాక్టరు మోకాలు చూడడా?”

“చూస్తాడు. మూడు వారాలు ఇలా పరిగెత్తినవాడి మోకాలు ఎంత లోతుగా చూస్తాడు? శనివారం వాళ్ల ముందు ఓ అరగంట ఆడిస్తాను. సూదిమందు వేయిస్తే ఆ అరగంట నొప్పి తెలియదు.”

“శనివారం ఆడిస్తారా? విశ్రాంతి ఇస్తారని వాడు అనుకుంటున్నాడు.”

“అనుకోనీ.”

“ఆ అరగంటలో మోకాలు పూర్తిగా పోతే?”

“పోకపోతే?” అన్నాడు పెద్ద కోచ్. “సోమవారానికి వాడు మన ఆటగాడు కాదు. నాలుగింటికి కాగితం పంపు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉంటారు.”

అతను లేచాడు. తలుపు దగ్గర, అలవాటు కొద్దీ, వంగి నమస్కారం చేయబోయిన చేతులు సగంలో ఆగాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

* * *

అతని గది చిన్నది. రెండు కంప్యూటర్ తెరలు, ఒక కుర్చీ, మైదానం వైపు ఒక కిటికీ. ఆ కిటికీకి ఎప్పుడూ కర్టెన్ దించే ఉంటుంది. నాలుగేళ్ల నియమంలో అదీ భాగమే.

మూడుంపావుకి రాయడం మొదలుపెట్టాడు.

‘గత మూడు వారాల నా నివేదికలు తప్పు. వాటిని పరిగణించవద్దు.’

రెండు వాక్యాలు. ఇంత చిన్న వాక్యాలు ఇంత బరువుంటాయని అతనికి తెలియదు. దీన్ని పంపితే తమ్ముడి మోకాలు దక్కుతుంది, తమ్ముడు దక్కడు. వాడు ఇక జన్మలో అన్నయ్యా అని పిలుస్తాడా? మెట్ల మీద ఆ అడుగులు ఇక పైకి వస్తాయా, అసలు ఆ ఇంట్లో వినపడతాయా? భార్య కంచం పెడుతుంది, మాట్లాడదు. తండ్రి మాట్లాడతారు, తన వైపు చూడరు.

అయినా రాశాడు. కింద సంతకం చేసే చోటికి వచ్చాడు.

భార్య అరచేయి గుర్తొచ్చింది. యూనిట్ పెట్టగానే ముడుచుకున్న వేళ్లు. అందరూ కలిసి తనని ఒంటరిని చేసిన ఈ రోజున, ఆ ముడుచుకున్న వేళ్లొక్కటే అతనికి మిగిలిన నమ్మకం. సాయంత్రం ఇంటికెళ్లి అడుగుతాడు. ఆవిడ ఇస్తుంది. అక్కణ్ణించి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

రెండో తెర మీద చిన్న శబ్దం వచ్చింది.

మైదానంలో ఏ యూనిట్ వెలిగినా ఆ శబ్దం వస్తుంది. ఇవాళ ప్రాక్టీసు లేదు. తలతిప్పి చూశాడు. ఇరవై రెండు గడుల్లో ఒక్కటి ఆకుపచ్చగా వెలుగుతోంది.

పదకొండు.

అతను ఫోను తీసి ఇంటికి చేశాడు. మొదటి గంటకే భార్య ఎత్తింది.

“యూనిట్ ఎక్కడుంది?”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“నీ దగ్గర ఉంచమన్నాను. ఒక్కటంటే ఒక్కటి అడిగాను నిన్ను.”

“అడిగాడు,” అంది ఆవిడ. “ఇచ్చాను.”

“ఎందుకు?”

“వాడేమన్నాడో తెలుసా అండీ? ‘నా వల్ల అన్నయ్య సంతకం అబద్ధమైంది వదినా. ఒక్కసారి నేనే పరిగెత్తి ఆ అంకెలు తెప్పిస్తే అది నిజమైపోతుంది, ఇక అన్నయ్య పెట్టింది తప్పు సంతకం కాదు’ అన్నాడు. మీ కోసం అంటే కాదనలేకపోయాను. నేను... నడుస్తాడేమో అనుకున్నాను. పరిగెడుతున్నాడా?”

తెర మీద వేగం గడి కదులుతోంది. ఎనిమిది. పదకొండు. పద్నాలుగు.

“ఏమండీ? పరిగెడుతున్నాడా?”

వేగం కింద పక్కపక్కనే రెండు గడులుంటాయి. ఒకటి ఎడమ పాదానికి, ఒకటి కుడి పాదానికి. పాదం నేలని తాకినప్పుడల్లా ఒక అంకె పడుతుంది. ఎడమ, కుడి. ఎడమ, కుడి. ఎడమ గడిలో అంకెలు పెద్దవవుతున్నాయి. కుడి గడిలో అంకెలు చిన్నవవుతున్నాయి. తండ్రి మెట్ల మీద విన్నది ఇదే. అంకెల్లో అతను ఇప్పుడు వింటున్నాడు.

పందొమ్మిది. ఇరవై రెండు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కర్టెన్ తాడు పట్టుకున్నాడు. లాగితే నాలుగేళ్లలో మొదటిసారి, బొమ్మలో కాదు, కళ్లెదురుగా తమ్ముడు పరిగెత్తడం చూస్తాడు.

“ఏమండీ, వాణ్ణి ఆపండి,” అంటోంది ఫోనులో భార్య. “నేను చెబితే వినడు. మీరు ఆపండి.”

అతను తాడు లాగకుండానే భుజం మీదుగా వెనక్కి, కంప్యూటర్ తెర వైపు చూశాడు.

ఎడమ గడిలో ఒక అంకె పడింది.

కుడి గడిలో పడాల్సిన అంకె కోసం అతను చూస్తూ నిలబడ్డాడు.